రొయ్య పొట్టులో పుండుకి కట్టు

(గోపాల్‌పూర్ ఒడ్డు. వలలు సర్దుకుంటున్న జాలర్లు.)

నమస్తే. మాది బరంపురం. ఇది గోపాల్‌పూర్. ఒడిశాలోనే ఉన్నా, ఇక్కడి జాలరి ఇళ్లలో వినిపించేది తెలుగే.

మా చిన్నాన్న కాలు ఈ ఒడ్డునే ఆల్చిప్ప కోసుకుంది. షుగర్ మనిషి, అది మానక పుండైంది. రోజూ కట్టు విప్పుతుంటే, ఎండిన గుడ్డ అతుక్కుపోయి అప్పుడే వచ్చిన లేత చర్మంతో సహా ఊడొచ్చేది. ఆయన మంచం పట్టెని బిగించి పట్టుకునేవాడు.

గాయం ఆరితేనే మానుతుందని మన నమ్మకం. కానీ 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చేసిన ప్రయోగంలో, తడి ఆరకుండా కప్పిన గాయాలపై చర్మం దాదాపు రెండింతల వేగంగా కమ్ముకుంది. కొత్త కణాలు అంచుల నుంచి పాకుతూ రావాలి. పైన చెక్కు కడితే దాని కింద దారి చేసుకోవడంతోనే సరిపోతుంది వాటికి.

(గ్లాసులో నానిన సబ్జా గింజలు, దగ్గరగా.)

గింజ చుట్టూ ఆ జిగురు చూడండి. గ్లాసు వంచినా దాని నీళ్లు విడిపోవు. గాయం తడి ఆరకుండా కప్పే కట్టుల్లో వాడే హైడ్రోజెల్ అంటే అలాంటిదే: పొడవాటి అణువుల వల, అందులో చిక్కిన నీళ్లు.

చిక్కేమిటంటే, తడి సూక్ష్మజీవులకీ ఇష్టమే. అందుకే జెల్‌లోనే వాటిని చంపే గుణం ఉండాలి.

(రొయ్య తలలు, పొట్టు కుప్ప.)

మనం పారేసే ఈ పొట్టులో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. ఆ గుణం ఉన్న జెల్‌కి ముడిసరుకు ఇదే. ఆమ్లంతో సున్నం, క్షారంతో మాంసకృత్తులు తీసేసి, మిగిలినదాన్ని గాఢమైన క్షారంలో వేడిచేస్తే కైటోసాన్ వస్తుంది. పలుచని ఆమ్లంలో కరిగితే దానికి ధనావేశం వస్తుంది. బాక్టీరియా పైపొరది రుణావేశం. రెండూ అతుక్కుంటాయి, పొర చిల్లులు పడి లోపలిది కారిపోతుంది.

కొందరు వెండి కూడా కలుపుతారు. మోతాదు మించితే అది మన చర్మకణాల్నీ చంపుతుంది. అసలు కష్టమంతా ఇక్కడే. ల్యాబులో బాక్టీరియా పెంచే ప్లేటులో జెల్ ముక్క చుట్టూ బాక్టీరియా పెరగని వలయం ఫొటోలో బాగుంటుంది, కానీ నేను ముందు వెతికేది అదే జెల్ పక్కన చర్మకణాలు బతికాయా అన్న పరీక్షని.

ఈ జెల్ కట్టు అన్ని పుళ్లకీ పనికిరాదు. రసి బాగా కారే పుండు మీద వేస్తే చుట్టూ చర్మం నాని చివికిపోతుంది. షుగర్ ఉన్నవాళ్ల కాలికైతే ముందు రక్తం సరిగ్గా ఆడుతోందో లేదో డాక్టరు చూడాలి. రొయ్యలు పడనివాళ్లు ఆ మాట తప్పక చెప్పాలి.

చిన్నాన్నకి కొన్నాళ్లకి జెల్ కట్టు వేశారు. మొదటిసారి విప్పే రోజు అలవాటు కొద్దీ మంచం పట్టె పట్టుకున్నాడు. జెల్ చల్లగా జారి చేతిలోకి వచ్చేసింది. "అయిపోయిందా?" అన్నాడు.