మనుషుల మూత్రం ఎరువుతో పండిన వంకాయ... వండుకుంటామా?

నమస్కారమండి. విజయవాడ పటమట రైతు బజారులో ఒక కొట్టు ముందు బోర్డు ఉందనుకోండి: "ఈ వంకాయలు మనుషుల మూత్రం నుంచి తీసిన ఎరువుతో పండించినవి" అని. చాలామంది పక్క కొట్టుకి పోతారు. వాళ్లని నేను తప్పుపట్టను. కానీ ఆ వెనకాడడం ఎందుకో ఒకసారి చూద్దాం, ఎందుకంటే ఈ ఎరువు మనకి అవసరం.

2025 ఖరీఫ్‌లో యూరియా కోసం రైతులు ఎలా బారులు తీరారో చూశాం కదా. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. మన తిండి తినే మనిషి ఏడాదిలో మూత్రంలో వదిలే నత్రజని రెండు కిలోల పైనే ఉంటుందని అంచనా. అంటే తొమ్మిది పది మందికి ఏటా ఒక బస్తా! విజయవాడ, గుంటూరు జనాభాకి మీరే లెక్కేసుకోండి.

మరి జనం ఏమంటున్నారు? 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో 16 దేశాల యూనివర్సిటీల్లో 3,763 మందిని అడిగారు. మూత్రాన్ని ఎరువుగా వాడుకోవాలన్నవాళ్లు 68 శాతం, ఆ పంట తింటామన్నవాళ్లు 59 శాతం. దానికి ముందు దక్షిణ భారతంలోనే ఒక యూనివర్సిటీలో అడిగితే, ఎరువుగా పనికొస్తుందన్నవాళ్లు 55 శాతం, తింటామన్నవాళ్లు 44 శాతమే. చేలో వేసుకోండి, మా కంచంలోకి మాత్రం వద్దు అన్నట్టు.

నిజానికి విసర్జన అంటే మనకి అంత అసహ్యమేమీ లేదండి. గొర్రెల మందని రాత్రిళ్లు చేలో కట్టించుకుని, కాపరికి డబ్బులిచ్చి పంపే రైతులు మన దగ్గరే ఉన్నారు. ఆవు మూత్రంతో చేసిన జీవామృతం చల్లిన కూరగాయలకి రెండు రూపాయలు ఎక్కువిచ్చి మరీ కొంటాం.

మనిషిది అనగానే భయం. అందులో న్యాయం ఉంది. మనిషికి రోగాలు తెచ్చే క్రిములు మనిషి మలంలో చాలా ఉంటాయి. ఏలికపాము గుడ్లు మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి చావవు. అందుకే శుద్ధి చేయని సెప్టిక్ ట్యాంక్ సరుకు ఆకుకూరల మళ్లలో పోస్తే నేను అస్సలు ఒప్పుకోను.

ఇంకో కారణం ఉంది, దాన్ని పైకి చెప్పుకోం. మలమూత్రాలు ఎత్తే పనిని తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన పెట్టాం. చేసినవాళ్లని అంటరానివాళ్లన్నాం. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చినా, గుంతల్లోకి దిగి చనిపోతున్న వార్తలు ఆగలేదు. ఈ ఎరువు మళ్లీ ఆ చేతుల మీదుగానే వచ్చేటట్టయితే, పంట ఎంత బాగున్నా నాకొద్దు.

శుద్ధి సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల ప్రకారం, మలం కలవకుండా విడిగా పట్టిన మూత్రాన్ని 20 డిగ్రీలు, ఆ పైన వేడిలో ఆరు నెలలు మూసి నిల్వ ఉంచితే ఏ పంటకైనా వాడొచ్చు. బెజవాడ ఎండలకి 20 డిగ్రీలు ఒక లెక్కా? మలం కంపోస్టైతే 50 డిగ్రీల పైన వారం రోజులైనా ఉడకాలి. మనం మింగే మందుల అవశేషాల మాటేంటంటారా? జర్మనీలో అలాంటి ఎరువుల్లో 310 రసాయనాల కోసం వెతికారు. క్యాబేజీ తినే భాగంలో దొరికినవి రెండే, ఒకటి నొప్పి మందు, ఒకటి మూర్ఛ మందు. ఆ మూర్ఛ మందు ఒక్క మాత్రంత ఒంట్లోకి చేరాలంటే ఐదు లక్షలకి పైగా క్యాబేజీలు తినాలట.

ఒక్క తేడా గట్టిగా పట్టుకోండి. విడిగా పట్టిన మూత్రం వేరు, ఫ్యాక్టరీల నీళ్లు కూడా కలిసే మురుగు బురద వేరు. స్విట్జర్లాండ్ ఆ బురదని పొలాల్లో వేయడం మాన్పించింది. అదే దేశం మూత్రంతో చేసిన 'ఆరిన్' అనే ద్రవ ఎరువుని 2018లో తినే పంటలకి అనుమతించింది.

ఇక రైతు మాట. గుంటూరు మిర్చి యార్డులో ఒక పుకారు చాలు, క్వింటాలు ధర పడిపోతుంది. ఆ నష్టం మోసేది రైతే. అందుకని మొదలు పత్తికి, పూల తోటలకి వేయించాలి. తర్వాత వండుకుని తినే కూరగాయలకి. పచ్చిగా తినేవి ఆఖరున. బస్తా మీద దేంతో చేశారు, ఎన్నాళ్లు నిల్వ ఉంచారు, ఏ ల్యాబ్‌లో పరీక్షించారు అన్నది తెలుగులో అచ్చు వేయాలి. ధర పడితే మొదటి రెండు మూడేళ్లు ఆ తేడా ప్రభుత్వం భరించాలి. ఇవన్నీ చేసి, బోర్డు దాచకుండా పెడితే, ఆ వంకాయలు నేను కొంటానండి.