పది నిమిషాల్లో తగ్గిపోయింది

సభకు నమస్కారం. వేదిక మీద పేరుపేరునా పలకరించాల్సిన పెద్దలున్నారు. సమయం తక్కువ, అందరికీ కలిపి ఒకే నమస్కారం.

మెదడు రక్తనాళాలకు చేసే బెలూన్ చికిత్స గురించి చెప్పమన్నారు. కొవ్వు పేరుకుని ఇరుకైన నాళంలోకి చిన్న బెలూన్ పంపి, ఉబ్బించి, దారి వెడల్పు చేయడమే అది. గుండెకు బెలూన్ వేయడం 1977లోనే జ్యూరిచ్‌లో మొదలైంది. మెదడు దగ్గర మాత్రం మేం ఇన్నేళ్ళూ జంకుతూనే ఉన్నాం. అక్కడి నాళాల గోడలు పలచన. వాటికి వెంట్రుకల్లాంటి కొమ్మలుంటాయి. బెలూన్ ఒత్తిడికి కొవ్వు పక్కకు జరిగి ఆ కొమ్మ మూతిని మూసిందంటే, ఏ పక్షవాతాన్ని ఆపుదామని వెళ్ళామో అదే మన చేతులమీదుగా వస్తుంది.

మెదడు నాళాల్లో స్టెంట్‌ను, అంటే నాళం మూసుకోకుండా లోపల పెట్టే సన్నని జాలీ గొట్టాన్ని, మందులతో పోల్చి చూసిన శాంప్రిస్ అనే అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. 30 రోజుల్లో పక్షవాతం లేదా మరణం స్టెంట్ వేసినవారిలో 14.7 శాతం, గట్టిగా మందులు వాడినవారిలో 5.8. స్టెంట్ మీద మా ఆశ అక్కడే సన్నగిల్లింది.

తర్వాత 2024లో చైనా నుంచి బెలూన్‌ను మందులతో పోల్చిన బేసిస్ అనే అధ్యయనం వచ్చింది. 501 మంది. అందరికీ నాళం 70 శాతమో అంతకు మించో ఇరుకైంది, ఒకసారి లక్షణాలూ కనిపించాయి. స్టెంట్ లేకుండా, బెలూన్‌ను నాళం వెడల్పుకన్నా కాస్త తక్కువగా, మెల్లగా ఉబ్బించారు. పక్షవాతం, మరణం, నాళాన్ని మళ్ళీ తెరవాల్సి రావడం, ఇవన్నీ కలిపి ఏడాదిలో బెలూన్ వేసినవారిలో 4.4 శాతం. మందులు మాత్రమే వాడినవారిలో 13.5. ఇందులో దాచకూడనిది ఒకటుంది: మొదటి నెలలో ముప్పు బెలూన్ వైపే ఎక్కువ, 3.2కి 1.6.

ఇక ఈ కాగితం పక్కన పెడతాను.

ఒక రాత్రి మా అన్నయ్య ఫోన్ చేశాడు. "ఒరేయ్, కుడిచెయ్యి పది నిమిషాలు లేవలేదురా. ఇప్పుడు బాగానే ఉంది." నేను డాక్టర్ని. "తగ్గిపోయిందిగా అన్నయ్యా, పొద్దున చూద్దాం" అన్నాను. తెల్లారేసరికి మాట పడిపోయింది. ఎడమవైపు పెద్ద నాళం ఎప్పటినుంచో ఇరుకై ఉందని స్కాన్‌లో బయటపడింది. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. నన్ను మళ్ళీ "ఒరేయ్" అనలేదు.

తగ్గిపోయింది! ఎంత మోసం చేసే మాట అది! అడ్డుపడ్డ గడ్డ కరిగి ఉంటుంది, అంతే. ఇరుకు ఇరుకుగానే ఉంటుంది. ఆ తర్వాతి రెండు రోజులే అన్నిటికన్నా ప్రమాదం. మూతి వంకర, చెయ్యి బలహీనత, మాట తడబాటు, ఇవి రెండు నిమిషాలే ఉన్నా సరే, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళండి. బెలూన్ అవసరమా, మందులు చాలా అన్నది అక్కడ తేలుతుంది. బెలూన్ వేయించుకున్నాక కూడా రక్తం పలచనచేసే మాత్రలు, బీపీ, కొలెస్ట్రాల్ మందులు మీ అంతట మీరు ఆపకండి.

మూడో వరసలో అమ్మా, ఇందాకటినుంచి మీరు చెయ్యి పట్టుకుని చూసుకుంటున్నారు. ఎప్పుడు జరిగింది? సభ అయ్యేదాకా ఆగొద్దు, ఇలా రండి, నేనే దిగి వస్తున్నాను.