నేను కడిగేసిన పొడి

పిల్లలూ, టెక్కలి వైపు నుంచి వచ్చేవాళ్లు నౌపడ ఉప్పుమళ్లు చూసే ఉంటారు. నీరు నిదానంగా ఇగిరితే గింజ లావుగా కడుతుంది, గబగబా ఇగిరితే సన్నటి పొడి అవుతుంది. ప్రోటీన్ స్ఫటికాలూ అంతే. కాకపోతే ప్రోటీన్ మహా మొండిది, ఎంత బతిమాలినా లావు కట్టదు.

అసలు స్ఫటికం దేనికంటారా? ఒక్క ప్రోటీన్ అణువు మీద ఎక్స్‌రే వేస్తే కంటికి ఆనేంత గుర్తు రాదు. కోట్ల అణువులు ఒకే తీరున బారులు తీరితేనే, చెదిరిన కిరణాలు ఒకదానికొకటి బలమై డిటెక్టర్ మీద చుక్కలుగా పడతాయి. ఆ చుక్కల నుంచే ఏ పరమాణువు ఎక్కడుందో లెక్క కడతాం. తిప్పలేమిటంటే, చూడ్డానికి వేసే ఎక్స్‌రేయే ప్రోటీన్‌ని పాడుచేస్తుంది. పెద్ద స్ఫటికం ఆ దెబ్బకి కాసేపు ఆగుతుంది. చిన్నది ఆగదు.

నా పరిశోధన రోజుల్లో ఒక ప్రోటీన్‌తో ఎనిమిది నెలలు కుస్తీ పట్టాను. రోజూ పొద్దున్నే ట్రేని మైక్రోస్కోప్ కింద పెట్టేవాణ్ణి. ట్రేలోని ప్రోటీన్ ద్రావణం బొట్టు అడుగున పిండి చల్లినట్టు సన్నటి తళతళ, అంతే. చివరికి ట్రేలన్నీ సబ్బునీళ్లతో కడిగేశాను. ఇప్పుడు తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఎందుకంటే 2000లోనే స్వీడన్‌లో యానోస్ హైదు బృందం ఒక లెక్క వేసింది: ప్రోటీన్ ఎలాగూ పాడవుతుంది, పాడయ్యేలోపే ఫొటో తీసేస్తే? దానికి తగిన ఎక్స్‌రే లేజర్ 2009లో కాలిఫోర్నియాలోని స్లాక్ ప్రయోగశాలలో వెలిగింది. ఒక్కో మెరుపు కొన్ని పదుల ఫెమ్టోసెకన్లే. ఫెమ్టోసెకను అంటే సెకనులో పది కోట్ల కోట్లవ వంతు. సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతి, 50 ఫెమ్టోసెకన్లలో 15 మైక్రాన్లు పోతుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మీ తలవెంట్రుక మందం కూడా దాటదు.

వెంట్రుక కన్నా సన్నటి నీటిధారలో స్ఫటికాలు కొట్టుకొస్తుంటే దాని మీద మెరుపులు పడతాయి. తగిలిన స్ఫటికం పేలిపోతుంది. అప్పటికే చుక్కలు వేసే కిరణాలు దాన్ని దాటి డిటెక్టర్ వైపు బయల్దేరిపోయాయి! చాలా మెరుపులు ఉత్త నీళ్లకే తగులుతాయి. 2011లో హెన్రీ చాప్‌మన్ బృందం, కిరణజన్య సంయోగక్రియలో ఎండని పట్టే ఫోటోసిస్టమ్-1 మీద 30 లక్షలకు పైగా ఫొటోలు తీస్తే, లెక్కకి పనికొచ్చినవి 15 వేల చిల్లర. ఆ స్ఫటికాల్లో పెద్దవే 2 మైక్రాన్లు. నేను కడిగేసిన పొడిలో అంతటివి ఉండే ఉంటాయి.

ఆ బల్ల మీద రెండు మైక్రోస్కోపులు పెట్టాను. ఒకదాని కింద నౌపడ ఉప్పు. రెండోదాని కింద లైసోజైమ్, కోడిగుడ్డు తెల్లసొనలోని ప్రోటీన్. దాన్నీ ఉప్పు కలిపే కట్టించాను, నిన్న రాత్రి. కావాలనే బాగా కలియతిప్పి, సన్నటి పొడిలా. వరసగా రండి, స్లైడు కదపకుండా చూడండి.