మిషన్ ఆగిన నిమిషాలు ఎక్కడికి పోయాయి?

[దృశ్యం: బాలానగర్‌లో ఓ చిన్న షెడ్డు. సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని తిప్పుతూ కోసే మిషన్) పక్కన రేకు బల్ల మీద నూనె మరకల రిజిస్టర్.]

నమస్తే. ఈ పేజీ దగ్గరగా చూడండి. ఉదాహరణకి నేనే రాసి పెట్టాను. "మిషన్ నడిచింది: 8 గంటలు. పీసులు: 170." పీసుకి పట్టేది 2 నిమిషాలు. 8 గంటలంటే 480 నిమిషాలు, అంటే 240 పీసులు రావాలి. మిగతా 70 ఏమయ్యాయి?

ఇలా రాసేవాళ్లు అబద్ధం రాయరు. ఇన్సర్ట్ (టూల్ చివర కోసే ముక్క) మార్చడానికి 4 నిమిషాలు, స్టోర్స్ నుంచి మెటీరియల్ వచ్చేదాకా 10, మొదటి పీసు కొలత ఓకే అనిపించుకోవడానికి ఇంకో 5. సాయంత్రానికి ఇవెవరికి గుర్తుంటాయి? మిషన్లకు సెన్సర్లు పెట్టేది ముందు ఈ మరుపు కోసమే. ఏఐ మాట తర్వాత.

జీడిమెట్లకి వెళ్లినా, చర్లపల్లికి వెళ్లినా నాకు వినపడే మాట ఒకటే: "మాది పాత మిషన్, దానికి నెట్‌వర్క్ పోర్టే లేదు." ఫరవాలేదు. దానికి కరెంటు వైరు ఉంది కదా!

[దగ్గరి షాట్: ప్యానెల్ లోపల మెయిన్ వైర్లు. ఒక వైరు చుట్టూ క్లాంప్ సీటీ బిగిస్తున్న చెయ్యి.]

ఇది క్లాంప్ సీటీ. వైరులో ఎంత కరెంటు పోతోందో కొలుస్తుంది. నోరు తెరిచి వైరు చుట్టూ పెట్టి మూసేస్తే చాలు, వైరు కొయ్యక్కర్లేదు. కానీ మెయిన్ ఆఫ్ చేయించి ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించండి. ఒక్క ఫేజ్ వైరుకే పెట్టాలి. మూడు ఫేజులూ కలిపి పట్టుకుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుని రీడింగ్ దాదాపు సున్నా వస్తుంది.

మిషన్ ఖాళీగా ఉంటే కరెంటు తక్కువ, టూల్ లోహాన్ని కోస్తుంటే ఎక్కువ. ఆ తేడా చాలు. ఎప్పుడు ఆగింది, ఎంతసేపు ఆగింది, ఒక్కో పీసుకి ఎంత పట్టింది, అన్నీ గ్రాఫ్‌లో కనిపిస్తాయి.

[దృశ్యం: తెర మీద 4 నుంచి 20 దాకా గీతల స్కేలు.]

ప్రెజర్, టెంపరేచర్ సెన్సర్లలో చాలావాటి మీద 4–20 మిల్లీఆంప్స్ అని ఉంటుంది. సెన్సర్ తన కొలతని కరెంటు రూపంలో పంపే స్కేలు అది. సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదు? నాకు చాలా ఇష్టమైన ఆలోచన ఇది. 0–10 బార్ సెన్సర్ అయితే 4 అంటే సున్నా బార్, 12 అంటే 5 బార్, 20 అంటే 10 బార్. మరి సున్నా మిల్లీఆంప్స్ వస్తే? వైరు తెగిందనో, సెన్సర్ ఆగిపోయిందనో అర్థం. ప్రెజర్ లేకపోవడం వేరు, కబురే రాకపోవడం వేరు.

ఈ రీడింగులన్నీ గేట్‌వే అనే చిన్న పెట్టెకి చేరాలి. అక్కడిదాకా ఎక్కువగా వాడేది మోడ్‌బస్, అంటే పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. 1979 నాటిది, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. గేట్‌వే నుంచి సర్వర్‌కి ఎంక్యూటీటీ అనే ఇంకో పద్ధతి. 1999లో ఆయిల్ పైప్‌లైన్ల సమాచారాన్ని శాటిలైట్ లింకుల మీద పంపడానికి చేసింది కాబట్టి, నెట్ అంతంతమాత్రంగా ఉన్నచోట కూడా పనికొస్తుంది. కరెంటో, నెట్టో పోయినప్పుడు డేటా దాచుకుని తర్వాత పంపే గేట్‌వేనే కొనండి. పీఎల్‌సీని (మిషన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్‌ని) మాత్రం నేరుగా ఇంటర్నెట్‌కి తగిలించకండి, దయచేసి.

[దృశ్యం: మళ్లీ రిజిస్టర్. పక్కన గ్రాఫ్.]

ఇప్పుడు మన 70 పీసులు. గ్రాఫ్ ప్రకారం మిషన్ నడిచింది 400 నిమిషాలే అనుకుందాం. ఆగిన 80 నిమిషాల్లో 40 పీసులు పోయాయి. మిగతా 30? 400 నిమిషాల్లో 200 రావాల్సింది, 170 వచ్చాయి. అంటే పీసుకి 2 నిమిషాలు కాదు, 2 నిమిషాల 21 సెకన్లు పడుతోంది. ఆ 170లో 153 మాత్రమే పాసయ్యాయనుకోండి. 240కి 153, దాదాపు 64 శాతం. ఓఈఈ (మిషన్ మొత్తం పనితీరు లెక్క) అంటే ఇదే.

ఇక్కడే చాలామంది ఓనర్లు తొందరపడి ఆపరేటర్‌ని పిలిచి కేకలేస్తారు. అలా చేస్తే ఆ సెన్సర్ పెట్టి లాభం లేదు. "ఇది మా మీద నిఘానా అన్నా?" అని నన్ను అడిగినవాళ్లున్నారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది. సెన్సర్ పెట్టకముందే వాళ్లతో కూర్చుని మాట్లాడండి, గ్రాఫ్ ముందు వాళ్లకే చూపించండి.

[దగ్గరి షాట్: ఫీడ్ ఓవర్‌రైడ్ నాబ్ (టూల్ కదిలే వేగాన్ని శాతాల్లో పెంచి తగ్గించేది). ముల్లు 100కి కాస్త కింద.]

ఆ 21 సెకన్లు ఎందుకు ఎక్కువ పడుతున్నాయో గ్రాఫ్‌కి తెలియదు, నాబ్ తిప్పినవాళ్లకి తెలుసు. అడిగితే చెబుతారు: "వంద మీద పెడితే చాటర్ వస్తది అన్నా, పీసు మీద గీతలు పడ్తయ్." చాటర్ అంటే కోసేటప్పుడు టూల్ అదరడం. అప్పుడు టూల్ చూడండి. బోరింగ్ బార్ (పీసు లోపలి రంధ్రాన్ని కోసే కడ్డీ) అవసరానికి మించి బయటికి పొడుచుకొచ్చి ఉండొచ్చు. లోపలికి జరిపి బిగించి, నాబ్ మెల్లగా 100కి తెచ్చి ఓ పది పీసులు తీయండి. గ్రాఫ్‌లో సైకిల్ మళ్లీ 2 నిమిషాలకు దిగిందో లేదో ఆపరేటర్ పక్కనే నిలబడి చూడండి.