నాటకకర్త కూర్చునే చోటు

సభకు నమస్కారం.

నాటక రచయిత అనగానే బల్ల ముందు ఒంటరిగా కూర్చుని రాసుకునే మనిషి మన కళ్ల ముందు మెదులుతాడు. నాటక చరిత్రలో ఈ మనిషి బాగా వెనక వచ్చినవాడు. ప్రాచీన ఏథెన్స్‌లో నాటకం కట్టిన కవిని ‘దిదాస్కలోస్’, అంటే నేర్పేవాడు, అని పిలిచేవారు. బృందానికి పాటను, అడుగును నేర్పడం కూడా ఆయన పనే. అక్కడి విషాద నాటకకవి ఎస్కిలస్ అయితే తన నాటకాల్లో తానే నటించేవాడు.

మన సంస్కృత నాటకాల్లో కవి వేదిక మీదికి రాడు, ఆయన పేరును సూత్రధారుడు ప్రకటిస్తాడు. మాళవికాగ్నిమిత్రం ప్రస్తావనలో సూత్రధారుడి సహాయకుడైన పారిపార్శ్వకుడు, పేరుమోసిన భాసాదులను కాదని ఈనాటి కవి కాళిదాసు నాటకం ఆడటమేమిటని నిలదీస్తాడు. కొత్తవాడికి చోటు దొరకని బాధను ఆ కొత్తవాడే తన నాటకంలో పెట్టుకోవడం నాకు ఎప్పుడు చదివినా ముచ్చటేస్తుంది.

ఇక షేక్స్‌పియర్ సంగతి కాస్త నిదానంగా చూడాలి. 1600లో అచ్చయిన ‘మచ్ అడో అబౌట్ నథింగ్’ ప్రతిలో, ఒక రంగంలో డాగ్‌బెర్రీ అన్న పాత్ర పేరు ఉండవలసిన చోట పలుమార్లు ‘కెంప్’ అని ఉంది. విలియం కెంప్ షేక్స్‌పియర్ నాటక సమాజంలోని హాస్యనటుడు. పాత్ర మాట్లాడుతుంటే రచయిత చెవిలో మోగినది ఆ నటుడి గొంతే అనుకోవడానికి ఇంతకంటే ఆధారం అక్కరలేదు. ఆ సమాజంలో షేక్స్‌పియర్ నటుడు, వాటాదారు కూడా. 1616లో ఆయన మరణించిన ఏడేళ్లకు 36 నాటకాలతో సంపుటం వెలువడింది; వాటిలో సగం అంతవరకు అచ్చుకే ఎక్కలేదు. అవి చదువరుల కోసం కాక నటుల కోసం పుట్టిన రాతలు.

పంతొమ్మిదో శతాబ్ది చివరికి దర్శకుడు ప్రత్యేక వ్యక్తిగా స్థిరపడ్డాడు, రచయిత క్రమంగా రిహార్సల్ గది బయటికి జరిగాడు. 1904లో ‘చెర్రీ తోట’ను దాని రచయిత, రష్యన్ నాటకకర్త చెఖోవ్ హాస్యనాటకమన్నాడు, దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ విషాదంగా ఆడించాడు, ఆ తగవు ఇప్పటికీ తెగలేదు. ఎనభై ఏళ్ల తర్వాత, తన ‘ఎండ్‌గేమ్’ను అమెరికాలో ఒక బృందం భూగర్భ రైలుమార్గంలో జరుగుతున్నట్టు ప్రదర్శిస్తే ఐరిష్ నాటకకర్త బెకెట్ తీవ్రంగా అభ్యంతరం చెప్పాడు. ఆయన కోపాన్ని అర్థం చేసుకోగలను గాని, నాటకాన్ని దూరం నుంచి కాపలా కాయవలసి రావడమే రచయిత ఏం పోగొట్టుకున్నాడో చెబుతుంది. పోయింది అధికారం కాదు, నటుల మధ్య కూర్చునే చోటు.

ఈనాడు బృందమంతా కలిసి, ముందస్తు ప్రతి లేకుండానే నాటకాలు అల్లుకుంటోంది. ఇక రచయితతో పనేముందని అడిగేవారున్నారు. ఆశువుగా పుట్టిన వంద ఘట్టాల్లో ఏది ముందు రావాలో, దేన్ని వదులుకోవాలో, మాట ఎక్కడ ఆగి మౌనం మొదలవాలో ఎవరో ఒకరు తేల్చాలి కదా! ఆ తేల్చే పనే నాటక రచన. సంభాషణలు దానిలో పైకి కనిపించే భాగం మాత్రమే.

నటి ఒకే వాక్యం దగ్గర మూడోసారి కూడా తడబడినప్పుడు, లోపం ఆమె జ్ఞాపకానిదా, ఆ వాక్యానిదా అన్నది గదిలో ఉండి విన్న రచయితకు తెలుస్తుంది. అక్కడికక్కడే నాలుగు మాటలు కొట్టివేసి, ఇప్పుడు మళ్లీ అనమ్మా అని అడగగలుగుతాడు.