లెక్క చెప్పని ఇన్‌హేలర్: బీమా మార్పించిన మందుపై నా రివ్యూ

నమస్కారం. మృగశిర కార్తె వస్తే చేప ప్రసాదం కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జనం బారులు తీరే మన హైదరాబాద్‌లో ఆయాసం గురించి ఉపోద్ఘాతం అక్కర్లేదు కాబట్టి, నేరుగా విషయానికి వస్తాను. మా ఆఫీసు గ్రూప్ పాలసీలో ఓపీ మందుల ఖర్చు ఇంతకాలం పూర్తిగా వచ్చేది. ఈసారి రెన్యువల్‌లో జెనెరిక్ (అదే మందుకు చౌకగా దొరికే రకం) ధర వరకే చెల్లిస్తామని షరతు పెట్టారు. అందువల్ల డాక్టరు గారిని సంప్రదించి, వాపు తగ్గించే బుడెసోనైడ్, శ్వాసనాళాలను వదులు చేసే ఫార్మోటెరాల్ అనే అవే మందులు కలిసిన జెనెరిక్ ఇన్‌హేలర్‌కు మారాను. ఇన్‌హేలర్ నా డబ్బుతో కొన్నదే. బల్ల మీదున్న స్పేసర్‌ను (ఇన్‌హేలర్ మూతికి బిగించి మందు పీల్చుకునే గొట్టం) మాత్రం ఒక దుకాణం వారు రివ్యూ కోసం ఉచితంగా పంపారు.

మందుపై నాకు ఫిర్యాదు లేదు. రాత్రిపూట పిల్లికూతలు మునుపటిలాగే అదుపులో ఉన్నాయి. రుచి కాస్త ఘాటుగా ఉంటుంది గానీ, నోట్లో తెల్లపూత రాకుండా పీల్చిన ప్రతిసారీ ఎలాగూ పుక్కిలించి ఉమ్మేయాలి కనుక, అది నాకు పెద్ద విషయం కాదు.

నా చిరాకంతా ఈ ఇన్‌హేలర్ వెనుక భాగంతోనే. దగ్గరగా చూడండి: పాత ఇన్‌హేలర్‌కు ఇక్కడ చిన్న కిటికీ, అందులో తరిగిపోయే అంకెలు, చివరికొచ్చేసరికి ఎర్ర రంగు ఉండేవి. దీనికి నున్నటి ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు. ఉదయం రెండు, రాత్రి రెండు పఫ్‌లు పీల్చేవారికి 120 మోతాదుల డబ్బా 30 రోజులు వస్తుందన్న లెక్క సులభమే. కానీ దుమ్ము రేగి ఆయాసం పెరిగినప్పుడు డాక్టరు అదనంగా పీల్చమంటే ఆ లెక్క చెదిరిపోతుంది. పైగా మందు అయిపోయాక కూడా మిగిలిన వాయువు బుస్సుమంటూనే ఉంటుంది కాబట్టి, శబ్దం విని నమ్మడానికి లేదు. డబ్బాను నీళ్లలో వేసి, తేలితే ఖాళీ అయినట్టని కొందరు చెబుతారు. అది నమ్మదగిన పరీక్ష కాదు, వాల్వు మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లోనే కొత్త ఇన్‌హేలర్లకు డోస్ కౌంటర్ (మిగిలిన మోతాదులు చూపే అంకెల కిటికీ) ఉండాలని సిఫార్సు చేసింది. ఆ పాత ఇన్‌హేలర్‌కు ముందు నేను వాడిన, గుళిక వేసి తిప్పి పీల్చే పొడి పరికరానికి కౌంటర్ లేకపోయినా, సీసాలో మిగిలిన గుళికలు కంటికి కనిపించేవి. బీమావారు మందు పేరు సరిపోల్చారే తప్ప పరికరాన్ని చూసినట్టు లేదు.

స్పేసర్ గురించి ఒక్క మాట: ఈ ఇన్‌హేలర్ మూతికి చక్కగా బిగుస్తుంది, మందు గొంతులో తక్కువగా పడుతుంది. ఉచితంగా వచ్చినా, ఇది కొనదగినదే.

ప్రస్తుతానికి కొత్త డబ్బా తెరిచిన తేదీని దాని మీదే మార్కర్‌తో రాసి, అదనపు పఫ్‌లను ఫోన్‌లో గుర్తు పెట్టుకుంటున్నాను. మందుకు పూర్తి మార్కులు, పరికరానికి మాత్రం పాస్ మార్కులు కూడా వేయను. కౌంటర్ ఉన్న జెనెరిక్ మా మందుల షాపులో దొరికిన రోజున, డాక్టరు సరేనంటే, దీన్ని పక్కన పెట్టేస్తాను.