విజిల్ ఊదాలన్నా ఊపిరి కావాలి

అధ్యక్షులకు, డాక్టర్లకు, వచ్చిన అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం లేదు, కోపం వద్దు. ఆయాసం మనిషిని పిసినారిని చేస్తుంది. మాట ఖర్చుపెట్టే ముందు ఊపిరి లెక్క చూసుకుంటాను.

మే మొదటి మంగళవారం ఆస్తమా దినం కదా, బయలాజిక్ ఇంజెక్షన్ల గురించి, అంటే జీవకణాలతో తయారుచేసి జబ్బును పెంచే ఒక్కో దారిని గురిచూసి ఆపే మందుల గురించి చెప్పమన్నారు. చెబుతాను. ముందు నా బస్సు సంగతి వినండి.

నేను విజయనగరం–సాలూరు రూటులో కండక్టరుగా చేశాను. ఒకరోజు గజపతినగరం దాటాక తలనొప్పి వచ్చింది. బస్సులో ఒక పెద్దమ్మ నొప్పుల మాత్ర ఇస్తే వేసుకున్నాను. రామభద్రపురం చేరేసరికి ముక్కు కారిపోతోంది, ఛాతీలో పిల్లికూతలు. స్టాపులో విజిల్ నోట్లో పెట్టి ఊదితే తుస్సుమంది. రేకు మీద చేత్తో బాదాను. డ్రైవరు వెనక్కి తిరిగి నా మొహం చూసి, బస్సును నేరుగా ఆసుపత్రికి తిప్పేశాడు.

అప్పటికే ముక్కులో కండ రెండుసార్లు కోయించుకున్నాను. రెండుసార్లూ మళ్లీ పెరిగింది. ముక్కు డాక్టరు ఆయాసం ఉందా అని అడగలేదు, ఛాతీ డాక్టరు ముక్కు చూడలేదు. సగం దారి ఒక డిపోది, సగం ఇంకో డిపోది అన్నట్టు నన్ను దించి ఎక్కించారు. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఒకటే దారి కదండీ! మధ్యలో స్టెరాయిడ్ మాత్రలు. వేసుకున్నన్నాళ్లూ పండగే. తర్వాత షుగరు వచ్చింది, కంట్లో శుక్లం వచ్చింది.

చివరికి విశాఖలో ఒక డాక్టరుగారు "వాసన తెలుస్తోందా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ, "పొయ్యి మీద పాలు మాడినా ఈయనకు తెలీదండి" అంది. ఆస్తమా, ముక్కులో కండ, ఆస్ప్రిన్ జాతి మాత్రలు పడకపోవడం, మూడూ కలిసి ఒకే జబ్బుగా వస్తాయని ఆరోజే తెలిసింది.

రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు ఎక్కువున్నాయన్నారు. నాకు రాసిన బయలాజిక్ పేరు మెపోలిజుమాబ్, నాలుగు వారాలకోసారి 100 మిల్లీగ్రాములు. ఆ కణాలను పెంచమని ఒంట్లో కబురు మోసే ఐ.ఎల్.-5 అనే ప్రొటీన్‌ను అది పట్టేసుకుంటుంది. బెన్రాలిజుమాబ్ ఆ కణాలనే ఖాళీ చేస్తుంది. డుపిలుమాబ్ వేరే దారిని మూస్తుంది. ముక్కులో కండకు అమెరికాలో అనుమతి వచ్చిన మొదటి బయలాజిక్ అదే, 2019లో. అలర్జీ ఆస్తమా ఉన్నవాళ్లకు ఒమాలిజుమాబ్ ఉంది, డోసు బరువునీ, రక్తంలో ఐజీఈ అనే అలర్జీ ప్రొటీన్ ఎంతుందో దాన్నీ బట్టి ఉంటుంది. ఎవరికేది అన్నది పరీక్షలు చూసి డాక్టరు తేల్చాలి, పక్కింటాయన కాదు.

ఇంకోటి. కడుపులో పురుగులున్నా, ఫైలేరియా ఉన్నా ఇసినోఫిల్స్ పెరుగుతాయి. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు నవ్వకండి, మనందరం బురదలో చెప్పుల్లేకుండా తిరిగినవాళ్లమే. పురుగులుంటే ముందు వాటికి మందు వేసుకోవాలి, తర్వాతే ఇంజెక్షన్.

ఖరీదు ఎక్కువే, దాచను. జబ్బు మొదలంటా పోతుందనీ చెప్పను. ఇన్‌హేలర్ ఈ పొద్దున కూడా పీల్చే వచ్చాను. స్టెరాయిడ్ మాత్ర మాత్రం డాక్టరుగారు మెల్లమెల్లగా తగ్గించి మాన్పించారు. ఏళ్ల తర్వాత నాకు తెలిసిన మొదటి వాసన మా వీధి కాలువది. మా ఆవిడ పడీపడీ నవ్వింది.

ముక్కు డాక్టరుగారు ఈ చివర, ఛాతీ డాక్టరుగారు ఆ చివర కూర్చున్నారు. మధ్యలో రెండు కుర్చీలు ఖాళీ. అయ్యా, కాస్త దగ్గరకు జరగండి.